ఆంథియాస్ అందం, అనంతపురం నీళ్లు

ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

ఆంథియాస్ పగడపు దిబ్బల మీద గుంపులు గుంపులుగా బతికే చిన్న సముద్రపు చేపలు. ఎక్కువ జాతులు జానెడు పొడవు దాటవు. వీటిలో మొదట శాస్త్రానికెక్కింది 1758లో లిన్నేయస్ నమోదు చేసిన మధ్యధరా సముద్రపు చేప. ఆ తర్వాత ఎర్ర సముద్రం నుంచి హవాయి దాకా, అట్లాంటిక్‌లోనూ, రెండు వందలకు పైగా జాతులు బయటపడ్డాయి. గ్రూపర్ చేపలకు ఇవి చుట్టాలు. చాలాకాలం రెండింటినీ ఒకే కుటుంబంలో లెక్కవేశారు, ఇటీవలి వర్గీకరణలు విడదీస్తున్నాయి. బతుకు తీరులో మాత్రం పోలికే లేదు. గ్రూపర్ అడుగున రాళ్ల సందులో మాటువేసి, దగ్గరికి వచ్చినదాన్ని ఒక్కసారిగా మింగే చేప. ఆంథియాస్ పొద్దున వెలుగు రాగానే దిబ్బ వదిలి పైకి లేచి, ప్రవాహానికి ఎదురు నిలిచి, నీటిలో కొట్టుకొచ్చే సూక్ష్మజీవులను ఒక్కొక్కటిగా ఏరుకుని తింటుంది. పెద్ద చేప అటుగా వస్తే గుంపంతా క్షణంలో దిబ్బ సందుల్లోకి దూరుతుంది. ప్రమాదం తప్పగానే మళ్లీ పైకి లేస్తుంది.

అక్వేరియం దుకాణాల్లో తరచుగా కనిపించేది సూడాంథియాస్ స్క్వామిపిన్నిస్. ఎర్ర సముద్రంలోనూ హిందూ మహాసముద్రంలోనూ ఇది విరివిగా ఉంటుంది, లక్షద్వీప్ దిబ్బల మీదా కనిపిస్తుంది. ఆడది నారింజ కలిసిన బంగారు రంగు, కంటి కింద నుంచి వెనక్కి ఊదారంగు చార. మగది ముదురు గులాబీకి, ఊదాకు మధ్య రంగు. దాని వీపు రెక్కలో మూడో ముల్లు మిగతావాటికంటే బాగా పొడుగ్గా సాగి ఉంటుంది, పక్క రెక్క మీద ఎర్రటి మచ్చ. ఆడచేపల ముందు మగది రెక్కలన్నీ విప్పి, గబగబా కిందికి దూకి, మళ్లీ పైకి లేచి విన్యాసం చేస్తుంది. మేత తినేటప్పుడు దగ్గర నుంచి గమనిస్తే కన్ను ముందు కదులుతుంది, తర్వాత ఒళ్లు కదులుతుంది. నీటిలో తేలే రేణువును కన్ను పట్టుకున్నాకే చేప ముందుకు జరిగి నోరు చాపుతుంది. ఇసుకగింజంత రేణువును కూడా ఎంచి తినే చేప ఇది.

ఆంథియాస్ మీద పరిశోధకులకు ఆసక్తి పెరగడానికి పెద్ద కారణం వాటి లింగమార్పిడి. పిల్లలన్నీ ముందు ఆడచేపలుగానే ఎదుగుతాయి. ఒక మగచేప చుట్టూ అనేక ఆడచేపలు గుంపుగా ఉంటాయి. ఆ మగది చచ్చిపోతే, లేదా ఎవరైనా పట్టుకుపోతే, ఆడవాటిలో పెత్తనం చేసేది కొన్ని వారాల్లో మగదిగా మారుతుంది. రంగు మారుతుంది, వీపు ముల్లు సాగుతుంది, అండాశయం వృషణమవుతుంది. మగది గుంపులో ఉండటం, లేకపోవడమే ఈ మార్పును నడిపిస్తుందని ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞుడు లెవ్ ఫిషెల్సన్ 1970లో ఇదే జాతి మీద చేసిన పరిశీలనతో చూపించాడు. అక్వేరియంలో గుంపును పెంచేవాడికి ఈ మార్పు కళ్లముందే జరుగుతుంది. సముద్రపు అక్వేరియం పెంచేవాళ్లు ఆంథియాస్‌కు అంత సులువుగా వశమైపోవడం వెనుక రంగుతో పాటు ఈ కుటుంబకథ కూడా ఉంది.

అరుదైన జాతుల సంగతి వేరు. అవి అరుదుగా ఉండేది ఎక్కువగా మనిషికే. 30 మీటర్ల నుంచి 150 మీటర్ల లోతు దాకా, వెలుగు సన్నగిల్లే చోట, పైదిబ్బల కంటే వేరే లోకం ఒకటి ఉంది. మామూలు గాలి సిలిండర్లతో ఈదేవాళ్లు అక్కడ లోతుకు పోలేరు. వదిలిన గాలినే శుద్ధిచేసి తిరిగి అందించే రీబ్రీదర్ పరికరాలు వచ్చాకే శాస్త్రజ్ఞులు అక్కడ గంటల తరబడి పనిచేయగలిగారు. ఆ లోతుల్లో బతికే చేపలు ఎరుపు, గులాబీ, పసుపు కలిసిన తీవ్రమైన రంగుల్లో ఉండటానికి కారణం ఉంది. సూర్యకాంతిలోని ఎరుపు నీటి పైపొరల్లోనే ఇంకిపోతుంది. లోతున ఎర్రటి చేప బూడిదరంగు నీడలా కనిపిస్తుంది, అదే దానికి రక్షణ. దీపం వేస్తేనే అసలు రంగు బయటపడుతుంది. అక్వేరియంలోని తెల్లటి వెలుగులో ఆ చేపలు అంత మెరిసిపోయేది ఇందువల్లే.

హవాయికి చెందిన జాన్ రాండల్ (1924–2020) ఆంథియాస్ జాతులను ఎన్నిటినో శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 2016లో హవాయి దీవుల వరుసలో ఉత్తరాన ఉన్న కురే పగడపు వలయం దగ్గర, దాదాపు 90 మీటర్ల లోతున దొరికిన గులాబీ, పసుపు రంగుల చేపకు రిచర్డ్ పైల్, ఆయన సహచరులు టొసనాయిడిస్ ఒబామా అని పేరు పెట్టారు. ఆ ఏడే అప్పటి అమెరికా అధ్యక్షుడు ఒబామా అక్కడి సముద్ర సంరక్షణ ప్రాంతాన్ని విస్తరించాడు. బ్రెజిల్ తీరానికి దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరాన, సెయింట్ పాల్ రాళ్ల దగ్గర, వంద మీటర్లు దాటిన లోతులో దొరికిన టొసనాయిడిస్ ఆఫ్రొడైటీని 2018లో వర్ణించారు. దాన్ని పట్టే పనిలో మునిగిపోయిన ఈతగాళ్లు తమ నెత్తిమీదుగా పెద్ద షార్క్ ఒకటి ఈదుకుంటూ పోతున్నా గమనించలేదని ఆ బృందమే చెప్పింది. షార్క్‌ను కూడా మరిపించిన చేప ఇది. మాల్దీవుల పరిసరాల్లో దొరికే సూడాంథియాస్ పుల్చెరిమస్, హిందూ మహాసముద్రపు ఎవాన్స్ ఆంథియాస్, పసిఫిక్ లోతుల్లోని వెంట్రాలిస్ ఆంథియాస్ కూడా అందరూ కోరుకునే జాబితాలో ఉన్నవే.

లోతున పట్టిన చేప ధర ఎందుకు పెరుగుతుందో ఒక్క భౌతిక సూత్రం చాలు చెప్పడానికి. వంద మీటర్ల లోతున నీటి పీడనం ఉపరితలంకంటే పదకొండు రెట్లు. చేప కడుపులోని గాలితిత్తి ఆ పీడనానికి తగ్గట్టు ఉంటుంది. తిన్నగా పైకి తెస్తే అందులోని వాయువు పదకొండింతలు ఉబ్బుతుంది, లోపలి అవయవాలు నోటిగుండా బయటికి తన్నుకొస్తాయి. కొందరు సన్నటి సూదితో ఆ వాయువు తీసేస్తారు. కాలిఫోర్నియా అకాడెమీ ఆఫ్ సైన్సెస్ లోతుచేపలను పీడనం తగ్గకుండా పైకి తెచ్చే గదిలాంటి పరికరాన్ని తయారుచేసింది. మార్కెట్ కోసం పట్టేవాళ్లలో అందరికీ అంత ఓపిక, పరికరం ఉండవు. పైదిబ్బల చేపల విషయంలో ఇంకో గాయం ఉంది. 1960ల నుంచి ఫిలిప్పీన్స్‌లో, తర్వాత ఇండోనేషియాలో, సయనైడ్ ద్రావణం చల్లి చేపలను మత్తెక్కించి పట్టే పద్ధతి పాకింది. చేప అప్పటికి బతికినా లోపల దెబ్బతిని వారాల తర్వాత చస్తుంది, చుట్టూ ఉన్న పగడం అక్కడే చస్తుంది. 2003లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం ప్రచురించిన నివేదిక ప్రకారం ప్రపంచ అక్వేరియం వ్యాపారంలో 1,471 జాతుల సముద్ర చేపలు, ఏటా 2 కోట్ల నుంచి 2.4 కోట్ల దాకా అమ్ముడయ్యేవి. మంచినీటి అలంకార చేపలు ఎక్కువగా చెరువుల్లో, తొట్లలో పెంచినవే. సముద్ర చేపల్లో అత్యధికం మాత్రం సముద్రంలో పట్టినవే.

పట్టిన చోటు నుంచి ఇంటి గాజు తొట్టి దాకా ప్రయాణమంతా పాలిథిన్ సంచిలో. మూడో వంతు నీరు, మిగతాది ఆక్సిజన్, చుట్టూ థర్మకోల్ పెట్టె. చేప వదిలే అమ్మోనియా, బొగ్గుపులుసు వాయువు రెండూ ఆ నీటిలోనే పేరుకుంటాయి. బొగ్గుపులుసు వాయువు నీటిని కాస్త ఆమ్లంగా మార్చడం వల్ల అమ్మోనియాలో ఎక్కువ భాగం హాని తక్కువ రూపంలో ఉండిపోతుంది. సంచి మూతి విప్పగానే ఆ వాయువు బయటికి పోతుంది, నీటి ఆమ్లత్వం తగ్గుతుంది, అమ్మోనియా ఒక్కసారిగా విషమవుతుంది. సంచి విప్పి నీళ్లు చుక్కచుక్కగా కలుపుతూ గంటల తరబడి కూర్చోవడం చేపకు మేలని చాలామంది నమ్ముతారు. దూరప్రయాణం చేసి వచ్చిన ఆంథియాస్‌కు అదే ప్రాణాంతకం. ఉష్ణోగ్రత సరిచూసి, లవణం ముందే సరిపోల్చి, మూతి విప్పాక త్వరగా మార్చడమే దానికి మేలు.

బతికి బయటపడ్డ ఆంథియాస్‌ను నిలబెట్టేది మేతే. సముద్రంలో రోజంతా తినే చేపకు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వేసే చిటికెడు మేత చాలదు. కోపెపాడ్లు అనే సూక్ష్మ నీటిజీవులు, సన్నగా కోసిన రొయ్య, ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి జీవులు వంటివి రోజుకు నాలుగైదు సార్లు కొద్దికొద్దిగా వేయాలి. గులాబీ, నారింజ రంగులు మేతలోని కెరోటినాయిడ్ల వల్ల వచ్చేవే. మేత మారితే నెలల్లో చేప వెలవెలబోతుంది. వెంట్రాలిస్, ఎవాన్స్ లాంటి సున్నితమైన జాతులు మేత ముట్టకుండా చిక్కిపోయి చచ్చినవి ఎన్నో. అరుదైన చేపను కొనడానికి డబ్బు చాలు. దాన్ని ఏడాది బతికించడానికి రోజుకు నాలుగైదు సార్లు ఇంట్లో ఒక మనిషి ఉండాలి. అందుకే అరుదుతనాన్నే అందంగా చూసే ధోరణి తప్పు. బతికే చేపే అందమైనది, మామూలు స్క్వామిపిన్నిస్ ఎనిమిది కలిసి ఈదే తొట్టి ఒంటరిగా మూలన నక్కిన లక్ష రూపాయల చేపకంటే ఎంతో మేలు.

ఇప్పుడు అనంతపురం. సముద్ర మట్టానికి మూడు వందల మీటర్లకు పైన ఉన్న పీఠభూమి, రెండు రుతుపవనాలూ సరిగా అందని చోటు. ఏటా సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఇది ఒకటి. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో హగరి నది ఇసుక గాలికి లేచి పొలాల మీద మేటలు వేస్తుంది. తూర్పు తీరం గీత గీసినట్టు నేరుగా లెక్కవేసినా రెండు వందల యాభై కిలోమీటర్లకు పైనే. ఇంత దూరంలో, ఇంత ఎండలో సముద్రపు తొట్టి పెట్టుకోవాలనుకునేవారు కొద్దిమందే అయినా ఉన్నారు. ఆ కోరికను తప్పుపట్టడానికేమీ లేదు. సముద్రం ఎంత దూరమో దాని మీద మోజు అంత ఎక్కువ కావడం సహజం. అయితే ఆ తొట్టి నీటి లెక్క ఒకసారి చూడాలి.

ఒక మగ, ఏడెనిమిది ఆడ ఆంథియాస్ గుంపుకు కనీసం 400 లీటర్ల తొట్టి అనుకుంటే, లీటరుకు 35 గ్రాముల చొప్పున 14 కిలోల సముద్రపు ఉప్పు మిశ్రమం కావాలి. నీరు బోరు నుంచి నేరుగా పోయడానికి లేదు. ఈ ప్రాంతపు బోరునీటిలో కరిగిన లవణాలు ఎక్కువ, చాలాచోట్ల ఫ్లోరైడ్ కూడా ఎక్కువ. నైట్రేట్, సిలికా ఉంటే తొట్టి నిండా నాచు పడుతుంది. కాబట్టి ఆర్‌ఓ నీరే గతి. ఇంటి ఆర్‌ఓ యంత్రం ఒక లీటరు శుద్ధమైన నీటికి మూడు లీటర్ల దాకా బయటికి వదులుతుందనుకుంటే, తొట్టి ఒకసారి నింపడానికే 1,600 లీటర్లు కావాలి. ఇక వారానికి పదో వంతు నీరు మార్చాలి, అంటే 40 లీటర్లు. పీఠభూమి మీది పొడిగాలికి తొట్టి నుంచి రోజుకు అయిదు లీటర్లు ఆవిరైనా వారానికి 35 లీటర్లు. మొత్తం 75 లీటర్ల శుద్ధమైన నీరు, దానికోసం 300 లీటర్ల బోరునీరు. రోజుకు 43 లీటర్ల చొప్పున పడుతుంది. జల్ జీవన్ మిషన్ పల్లెల్లో మనిషికి రోజుకు నిర్ణయించింది 55 లీటర్లు. సత్యసాయి తాగునీటి పథకం 1990ల్లో ఏడు వందలకు పైగా పల్లెలకు నీళ్లిచ్చేదాకా ఈ జిల్లాలో బిందె నీటి విలువ ఏమిటో పెద్దవాళ్లందరికీ తెలుసు. ఒక చేపల తొట్టికి దాదాపు ఒక మనిషి వాటా నీరు పోతుందన్న లెక్క దుకాణంలో ఎవరూ చెప్పరు, చెప్పవలసిన మాటే ఇది. ఆర్‌ఓ వదిలే నీటిని గిన్నెలు కడగడానికి, నేల తుడవడానికి, మరుగుదొడ్డికి వాడుకుంటే ఆ లెక్క చాలావరకు తగ్గుతుంది. ఆ పని ఎవరి ఇంట్లోనైనా ఒక బకెట్‌తో మొదలుపెట్టొచ్చు.

వాడేసిన ఉప్పునీరు ఇంతకంటే గట్టి సమస్య. వారానికి తీసేసే 40 లీటర్లలో 1.4 కిలోల ఉప్పు ఉంటుంది, ఏడాదికి 70 కిలోలకు పైనే. దాన్ని కాలువలోకి గానీ పెరటిలోకి గానీ వదిలితే ఎర్రనేల ఉప్పుతేలుతుంది. వేరుశనగ పండే చేలకు, మామిడి మొక్కలకు అది చేటు. వానలు తక్కువైన చోట నేలలో చేరిన ఉప్పును కడిగి దించే నీరే రాదు. అయితే ఈ సమస్యకు మందు కూడా పీఠభూమి గాలిలోనే ఉంది. లోతులేని, అడుగున నల్లటి పాలిథిన్ పరిచిన పళ్లెంలో పోసి డాబా మీద పెడితే ఎండాకాలంలో కొద్దిరోజుల్లోనే నీరంతా ఆవిరై ఉప్పు మిగులుతుంది, దాన్ని పొడిచెత్తలో వేయొచ్చు.

వేడి సంగతి. ఆంథియాస్‌కు 24 నుంచి 26 డిగ్రీలు కావాలి, లోతుజాతులకు ఇంకా తక్కువ. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ బయట 40 డిగ్రీలు దాటుతుంది. నీరు వేడెక్కే కొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది: 25 డిగ్రీల సముద్రపు నీటిలో లీటరుకు 6.7 మిల్లీగ్రాములకు కాస్త అటూ ఇటూ ఉంటే, 32 డిగ్రీలకు 6 దగ్గరికి దిగుతుంది. అదే సమయంలో చేప ఒంట్లో జీవక్రియ పెరిగి ఆక్సిజన్ అవసరం ఎక్కువవుతుంది. ఆంథియాస్ లాంటి ఎప్పుడూ ఈదే చేప మొదట ఊపిరాడక పోయేది ఇలాంటప్పుడే. నీటిని చల్లబరిచే చిల్లర్ లేకుండా వేసవిలో దీన్ని బతికించడం చాలా కష్టం. ఇళ్లలో ఉండే మామూలు ఇన్వర్టర్ మీద చిల్లర్ ఎక్కువసేపు నడవదు. కరెంటు పోయినప్పుడు కనీసం గాలిబుడగల మోటారైనా నడిచేలా బ్యాటరీ ఉండాలి. తొట్టి మీద మూత పెడితే ఆవిరి తగ్గుతుంది గానీ వేడి లోపలే నిలిచిపోతుంది, ఆక్సిజన్ కూడా తగ్గుతుంది. సన్నటి వలతో సగం కప్పి, నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పడం చాలామంది చేసే పని. దానివల్ల నీరు రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది, ఆవిరి మాత్రం ఇంకా పెరుగుతుంది.

చట్టం సంగతి కూడా కొన్న తర్వాత కాకుండా ముందే తెలియాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో రాతి పగడాలను, నల్ల పగడాలను, నిప్పు పగడాలను, సముద్రపు విసనకర్రలను 2001లో మొదటి షెడ్యూలులో చేర్చారు. మన సముద్రాల నుంచి పగడాన్ని, చచ్చిన పగడపు రాయిని సైతం, తీయడం నేరం. ఆంథియాస్ చేప మీద అలాంటి నిషేధం లేదు. పగడపు రాయి మీద మాత్రం ఉంది కాబట్టి ఆంథియాస్ తొట్టిలో కృత్రిమ రాయి పెట్టడమే మంచిది. చేపకు కావలసింది దూరడానికి సందులే. అవి సిమెంటుతో చేసినవైనా సరిపోతాయి.

ఇంత కష్టం, ఇంత నీరు, ఇంత నష్టం ఉన్న చేపకు దారి ఏమిటన్నదానికి జవాబు ఇప్పటికే కేరళలో దొరికింది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థకు తిరువనంతపురం దగ్గర విళింజంలో ఉన్న పరిశోధన కేంద్రం సూడాంథియాస్ మార్సియా జాతిని తొట్లలో గుడ్లు పెట్టించి, పిల్లలను పెద్దచేసి, ఆ ఫలితాలను 2018లో ప్రకటించింది. ఈ జాతిని 1993లో ఒమన్ తీరం నుంచి రాండల్, హూవర్ మొదటిసారి వర్ణించారు. కేరళ తీరంలోనూ ఇది ఉంది. ఆంథియాస్ గుడ్లు నీటిలో తేలిపోతాయి, తల్లి కాపలా ఉండదు. పొదిగి వచ్చే పిల్ల కంటికి సరిగా ఆనదు, దాని నోరు ఇంకా చిన్నది. మామూలు హ్యాచరీల్లో తొలి మేతగా వాడే రోటిఫర్లు కూడా దానికి పెద్దవే. కోపెపాడ్ల అప్పుడే పుట్టిన పిల్లలు, మిల్లీమీటరులో పదో వంతు కంటే చిన్నవి, తొలి రోజుల్లో కావాలి. ఈ కోపెపాడ్లు రోటిఫర్లంత కిక్కిరిసి పెరగవు, ఎక్కువగా బతికి ఉన్న నాచునే తింటాయి. అంటే ఆంథియాస్ పెంపకం మొదట కోపెపాడ్ పెంపకం, దానికంటే ముందు నాచు పెంపకం. గుట్టు ఉన్నది అక్కడే.

ఆ గుట్టు విప్పగల చేతులు ఆంధ్ర తీరంలో ఉన్నాయి. 2009లో వన్నామీ రొయ్య వచ్చాక విశాఖ నుంచి నెల్లూరు దాకా తీరం పొడుగునా రొయ్యల హ్యాచరీలు బాగా పెరిగాయి. సముద్రపు నీటిని ఇసుకలో వడకట్టి, శుద్ధిచేసి, కీటోసెరాస్, థలాసియోసిరా నాచులను రోజూ పెంచి, ఆర్టీమియా పొదిగించే పని అక్కడి కుర్రాళ్లకు రోజువారీ విద్య. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ విశాఖపట్నం కేంద్రం 2010ల్లో నారింజ మచ్చల గ్రూపర్, ఇండియన్ పొంపానో చేపల సీడ్ ఉత్పత్తి చేసి చూపింది. గ్రూపర్ పిల్లకూ నోరు చిన్నదే, దానికీ తొలి మేత కోపెపాడే. ఆంథియాస్‌కు చుట్టమైన చేప సీడ్ విశాఖలోనే తయారైందంటే, ఆంథియాస్ సీడ్ కోసం కొత్తగా కనిపెట్టవలసింది తక్కువ. ఒక పిల్ల రొయ్య ధర పైసల్లో ఉంటే, ఒక ఆంథియాస్ పిల్ల ధర వందల రూపాయల్లో ఉంటుంది. రోగాలతో, ధరల పతనంతో దెబ్బతిన్న రొయ్యల హ్యాచరీ యజమానికి ఈ తేడా చిన్నది కాదు.

మత్స్యశాఖ చేయవలసింది ఇక్కడే మొదలవుతుంది. విశాఖ కేంద్రంతో కలిసి తీరంలోని ఒక హ్యాచరీలో కోపెపాడ్ ఉత్పత్తి యూనిట్ నెలకొల్పి, ఏడాది పొడుగునా మిగతా హ్యాచరీలకు కోపెపాడ్ సీడ్, నాచు స్టాక్ ఇవ్వగలిగితే చాలు, మిగతాది వాళ్లు చేసుకుంటారు. మొదలుపెట్టవలసింది మార్సియాతో, స్క్వామిపిన్నిస్‌తో. 2020లో 20,050 కోట్ల రూపాయలతో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో అలంకార చేపల యూనిట్లకు చోటిచ్చారు. సాధారణ వర్గాలకు 40 శాతం, దళితులకు, గిరిజనులకు, మహిళలకు 60 శాతం సాయం. రాష్ట్రంలో ఆ పద్దు కింద వచ్చే దరఖాస్తుల్లో సముద్ర జాతులకు విడిగా ఒక వాటా పెట్టడం శాఖ చేతిలో ఉన్న పనే.

రెండోది దుకాణంలో ఉండవలసిన చీటీ. చేప శాస్త్రీయ నామం, సముద్రంలో పట్టిందా హ్యాచరీలో పెంచిందా, ఏ తీరం నుంచి వచ్చింది, దుకాణానికి ఎప్పుడు చేరింది అన్న నాలుగు వివరాలు ప్రతి తొట్టి మీద రాసి ఉండాలి. 1803లో ప్యాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల బొమ్మలతో పుస్తకం ప్రచురించినప్పుడు ఒక్కో చేపకు జాలర్లు పిలిచే తెలుగు పేర్లను కూడా కనుక్కుని నమోదు చేశాడు. రెండు శతాబ్దాల తర్వాత దుకాణంలో ఏ ఆంథియాస్ జాతి గురించి అడిగినా ఆంథియాస్ అన్న ఒక్క మాటే వినిపిస్తోంది. రెండు వందల జాతుల్లో ఏది తొట్టిలో మేత తిని బతుకుతుంది, ఏది బతకదు అన్నది పేరు తెలిస్తేనే తెలుస్తుంది. లోతు నుంచి తెచ్చిన చేపల్లో పొట్ట ఉబ్బినవి, తలకిందులుగా తేలేవి అమ్మకూడదన్న నియమం కూడా ఆ చీటీతోపాటే రావాలి.

మూడోది సముద్రానికి దూరంగా ఉన్న జిల్లాలది. అనంతపురం, శ్రీసత్యసాయి, కర్నూలు లాంటి జిల్లాల్లో సముద్ర అలంకార యూనిట్‌కు సాయం ఇచ్చేటప్పుడు నీటి ప్రణాళిక అడగాలి. ఆర్‌ఓ వదిలే నీరు ఎక్కడ వాడతారు, ఉప్పునీటిని ఎలా ఆవిరి చేస్తారు అన్నవి రాసివ్వకుండా సాయం అందకూడదు. ఇళ్లలో పది తొట్ల బదులు అనంతపురం పట్టణంలో అందరూ చూడగలిగే తొట్టి ఒకటి ఉంటే నీటి లెక్కా బాగుంటుంది, చేపకూ మంచిది. విశాఖ సముద్రతీరంలోని మత్స్యదర్శిని ఇక్కడి పిల్లలకు ఎనిమిది వందల కిలోమీటర్ల దూరం. పెద్ద తొట్టిలో ఒక మగ, పదిహేను ఇరవై ఆడ ఆంథియాస్ గుంపు, పక్కన లింగమార్పిడిని దశలవారీగా చూపే బొమ్మలు, మేత వేసే వేళలు గోడ మీద. బడిపిల్లలకు జీవశాస్త్ర పాఠంలో ఇంతకంటే మంచి ప్రదర్శన దొరకదు. ఆ తొట్టిలోకి వచ్చే చేపలన్నీ హ్యాచరీ పిల్లలే కావాలి. వంద మీటర్ల లోతున పట్టిన అరుదైన జాతిని ప్రభుత్వ సొమ్ముతో ఎప్పుడూ కొనకూడదు.

తీరం నుంచి అనంతపురానికి పిల్లలను పంపడానికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నాలుగు నెలలే అనువైనవి. ప్రయాణానికి ముందు ఒక రోజు మేత ఆపాలి, ఒక్కో సంచిలో ఒకే చేప ఉండాలి, దగ్గరి తీరం నుంచైతే రాత్రి బండిలో పంపితే తెల్లవారేసరికి చేరుతుంది. మొదటి విడతలో మార్సియా పిల్లలు చాలు. అవి వేసవి దాటి బతికాకే రెండో విడత పంపాలి.

ఇట్లు,
ఒక అక్వేరియం అభిమాని,
అనంతపురం